రాగి చుట్టూ ఏముందన్నదే ప్రశ్న

ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రం చదివిన వాళ్ళందరికీ ఒక ఎర్ర అవక్షేపం గుర్తుండాలి. అమ్మోనికల్ క్యూప్రస్ క్లోరైడ్ ద్రావణంలోకి ఎసిటిలీన్ వాయువును పంపితే ఇటుక రంగులో క్యూప్రస్ ఎసిటిలైడ్ అడుగుకు దిగుతుంది. ఇథిలీన్‌కూ ఎసిటిలీన్‌కూ తేడా పట్టే పరీక్షగా పాఠం దాన్ని చెప్పి వదిలేస్తుంది, పరీక్ష రాసినవాళ్ళూ అక్కడితో వదిలేస్తారు. ఇక ఎండాకాలంలో మరిపెడ మీదుగా పోయే వరంగల్–ఖమ్మం రహదారి పొడుగునా మామిడికాయల బండ్లు కదులుతుంటాయి. పండు కొనేవాళ్ళ నోట వినబడే మొదటి మాట ‘కార్బైడ్ పెట్టలేదు కదా’ అని. పాఠంలోని అవక్షేపానికీ బండి మీది అనుమానానికీ చుట్టరికం ఉందని మాత్రం ఎవరూ చెప్పరు. రెండు చోట్లా ఉన్నవి రాగి, ఎసిటిలీన్ అనే ఆ జంటే. ఒకచోట అది ఎండితే పేలే పొడి. ఇంకోచోట కాయను పండించే సంకేతం. మూడోచోట, అంటే హైదరాబాద్ మందుల పరిశోధనశాలల్లో, అణువులను అతికే పనిముట్టు. ఎసిటిలీన్, దాని కుటుంబానికి చెందిన ఆల్కైన్లు రాగితో కట్టే బంధాల మీద నూట అరవై ఏళ్ళకు పైగా పోగైన పరిశోధనను కలిపి చదివితే నాకు కనిపించేది ఒకటే. ఈ జంట మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థం లేదు. దాని నడవడిని తేల్చేది రాగి చుట్టూ చేరిన మిగతా పరమాణువులు.

ముందు ఆ బంధం సంగతి. రైతుకు తెలిసిన రాగి మైలుతుత్తం. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తోటలకు కొట్టే ఆ నీలి స్ఫటికాల్లో రాగి రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఉంటుంది. మన కథలోని రాగి ఒక్కదాన్నే పోగొట్టుకున్నది, క్యూప్రస్ రాగి. దాని లోపలి డీ కక్ష్యలో పది ఎలక్ట్రాన్లూ నిండుగా ఉంటాయి, పైన ఖాళీ చోటుంటుంది. ఆల్కైన్‌లో రెండు కార్బన్ల మధ్య మూడు బంధాలు. అందులో రెండు వదులుగా, పక్కకు ఉబ్బి ఉంటాయి. ఆ ఉబ్బులోని ఎలక్ట్రాన్లను ఆల్కైన్ రాగి ఖాళీ చోటులోకి కొంత ఇస్తుంది. రాగి తన నిండు కక్ష్య నుంచి కొంత ఆల్కైన్‌కు తిరిగి ఇస్తుంది. ఇచ్చిపుచ్చుకునే ఈ లెక్కను 1951లో డ్యువార్, 1953లో చాట్, డంకన్‌సన్ చెప్పారు. ప్లాటినమ్ వంటి లోహాలు తిరిగి ఇవ్వడంలో ధారాళం కాబట్టి పట్టు బిగుస్తుంది. క్యూప్రస్ రాగి పిసినారి. అందుకే దాని పట్టు పట్టీపట్టనట్టు ఉంటుంది, వాయువు వచ్చి కూర్చుంటుంది, లేచి పోతుంది కూడా. ఇది మొదటి రకం బంధం, ఆల్కైన్ అడ్డంగా వాలిన స్థితి. రెండో రకం వేరు. ఆల్కైన్ చివర హైడ్రోజన్ ఉంటే, రాగి వాలగానే ఆ హైడ్రోజన్ కొంత ఆమ్ల గుణం తెచ్చుకుంటుంది. పక్కన అమ్మోనియా లాంటి క్షారం ఉంటే దాన్ని లాగేస్తుంది. ఆ ఖాళీలో రాగి నిలువుగా కార్బన్‌కే అతుక్కుంటుంది. అదే ఎసిటిలైడ్. వాలడం, అతుక్కోవడం అనే ఈ రెండు స్థితుల మధ్య గీత ఎక్కడ పడుతుందన్నదే ఈ శాస్త్రంలో సగం.

మొదట లోకం చూసింది అతుక్కున్న రూపాన్ని, అదీ భయంగా. 1859లో జర్మనీలో రుడాల్ఫ్ బాట్గర్ రాగి, వెండి ఎసిటిలైడ్లను వర్ణించాడు. ఎండిన రాగి ఎసిటిలైడ్ రాపిడికీ వేడికీ పేలుతుంది. ఎసిటిలీన్ పోయే గొట్టాలకూ బిగింపులకూ శుద్ధ రాగి వాడకూడదని, ఇత్తడి వాడినా అందులో రాగి పాలు పరిమితి దాటకూడదని ఇప్పటికీ ఉన్న నియమం అక్కడి నుంచి వచ్చిందే. రోడ్డు పక్క గ్యాస్ వెల్డింగ్ షాపులో తెగిన ఎసిటిలీన్ పైపును రాగి ముక్కతో అతకవద్దని చెప్పడం చాదస్తం కాదు. అయితే ఇక్కడే తొందరపడి ‘రాగి, ఆల్కైన్ కలిస్తే పేలుడే’ అని సూత్రం కట్టేస్తే తప్పు. ఎసిటిలీన్‌కు ఒక చివర బెంజీన్ వలయం తగిలించిన ఫినైల్ ఎసిటిలీన్ తీసుకుంటే, దాని రాగి ఎసిటిలైడ్ పసుపుపచ్చని పొడి. సీసాలో పెట్టి దాచుకోవచ్చు, తూచి వాడుకోవచ్చు. 1963లో కాస్ట్రో, స్టీఫెన్స్ దాన్ని సరుకుగా వాడి కార్బన్–కార్బన్ బంధాలు కట్టారు. బంధం అదే, రాగి అదే. కార్బన్ పాళ్ళు పెరిగి, రెండు వైపులా రాగి అంటుకునే అవకాశం పోయింది, అంతే. ఈ పొడుల్లో ఒక్కో ఆల్కైన్‌ను ఒకటికి మించిన రాగులు పంచుకుని గొలుసుల్లా అల్లుకుంటాయి. అందుకే ఏ ద్రావణిలోనూ కరగవు. ఫాస్ఫీన్ జాతి లిగాండ్‌ను, అంటే లోహాన్ని పట్టుకునే అణువును, చేరిస్తే ఆ అల్లిక విడిపోయి నాలుగేసి రాగుల చిన్న గుంపులుగా కరుగుతుంది. చుట్టూ ఉన్నదాన్ని మారిస్తే స్వభావమే మారుతుందనడానికి ఇంతకంటే సూటి రుజువు అక్కర్లేదు.

పరిశ్రమ ఈ సంగతిని సిద్ధాంతం కంటే ముందే చేతులతో తెలుసుకుంది. 1869లో కార్ల్ గ్లాసర్ రాగి ఫినైల్ ఎసిటిలైడ్‌ను గాలికి పెట్టి, రెండు ఆల్కైన్లు తల తల కలుపుకోవడం చూశాడు. 1882లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ ఆ దారినే నీలిమందు అణువును కట్టడానికి వాడుకున్నాడు. మన పొలాల్లో పండిన నీలికి తర్వాత పోటీగా వచ్చి దాన్ని కూల్చింది వేరే పద్ధతి అయినా, ఆ అణువు గుట్టు విప్పే ప్రయత్నంలో రాగికీ వాటా ఉంది. అమెరికాలో మతాచార్యుడూ రసాయనవేత్తా అయిన జూలియస్ న్యూలాండ్, ఎసిటిలీన్‌ను క్యూప్రస్ క్లోరైడ్, అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంలోకి పంపి వినైల్ ఎసిటిలీన్ తీశాడు. డ్యూపాంట్ దాన్నుంచి 1931లో నియోప్రీన్ రబ్బరును బయటికి తెచ్చింది. గమనించండి, ఇంటర్ ప్రయోగంలో ఉన్నవీ ఇవే దినుసులు. అమ్మోనియా ఉంటే క్షారం, అవక్షేపం పడుతుంది. అమ్మోనియం క్లోరైడ్ ఉంటే క్షారం లేదు, క్లోరైడ్లు రాగిని చుట్టేస్తాయి, అవక్షేపం బదులు రెండు ఎసిటిలీన్లు కలుస్తాయి. ఇక జర్మనీలో వాల్టర్ రెప్పె చేసింది మరీ తెగింపు. పేలుడు పదార్థమని అందరూ దూరం పెట్టిన రాగి ఎసిటిలైడ్‌నే వాహకం మీద పట్టించి, తడి ఆరనివ్వకుండా, ఉత్ప్రేరకంగా వాడాడు. ఎసిటిలీన్, ఫార్మాల్డిహైడ్ కలిపి బ్యూటైన్‌డయోల్ చేసే ఆ దారి నేటికీ నడుస్తోంది. సాగే బట్టల్లోని స్పాండెక్స్ దారానికి ముడిసరుకు ఇచ్చే మార్గాల్లో అదొకటి. పేలుతుందన్న భయం అబద్ధం కాదు, కానీ తడి, వాహకం అనే రెండు షరతులు పెట్టగానే అదే పదార్థం కార్ఖానాలో ఏళ్ళ తరబడి పని చేస్తోంది.

ఇప్పుడు మామిడి దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ శాస్త్రమంతటిలో మన ఇంట్లోకి వచ్చేది అదే. కాల్షియం కార్బైడ్ రాయికి తేమ తగిలితే ఎసిటిలీన్ వస్తుంది, కాయ పండుతుంది. ఎందుకు పండుతుంది? కాయ సహజంగా పండేది తాను విడిచే ఇథిలీన్ వల్ల. 1967లో స్టాన్లీ బర్గ్, ఎలెన్ బర్గ్ బఠానీ మొక్క కాండం ముక్కల మీద రకరకాల వాయువులను పరీక్షించారు. ఇథిలీన్ చేసే పనిని ప్రొపిలీన్, కార్బన్ మోనాక్సైడ్, ఎసిటిలీన్ కూడా చేశాయి, అయితే చాలా ఎక్కువ మోతాదులో. సగం ప్రభావానికి ఇథిలీన్ పది లక్షల పాళ్ళ గాలిలో 0.1 పాలు చాలితే, ఎసిటిలీన్ 280 పాళ్ళు కావలసివచ్చింది, అంటే 2,800 రెట్లు. ఈ జాబితాలో కార్బన్ మోనాక్సైడ్ ఎందుకుంది? దానికి ద్విబంధపు కార్బన్లు లేవు, ఆకారంలో ఇథిలీన్‌తో పోలిక తక్కువ. కానీ లోహాలకు అంటుకోవడంలో ఈ వాయువులన్నీ ఒక గూటివే. మొక్కలో ఇథిలీన్ కూర్చునే చోట లోహం ఉండాలని బర్గ్ దంపతులు అప్పుడే ఊహించారు. 1983లో డ్యూపాంట్‌కు చెందిన థాంప్సన్ బృందం క్యూప్రస్ రాగికి ఇథిలీన్ అంటుకున్న స్ఫటికాలు తీసి, ఆ లోహం రాగే కావచ్చన్న వాదనకు బలం ఇచ్చింది. 1999లో అరబిడోప్సిస్ అనే, ఆవ కుటుంబపు చిన్న మొక్కలో ఇథిలీన్ గ్రాహకమైన ఈటీఆర్1 ప్రోటీన్‌ను బ్లీకర్ ప్రయోగశాల వాళ్ళు ఈస్ట్‌లో పెంచి చూస్తే, రాగి ఇచ్చినప్పుడు ఇథిలీన్‌ను పట్టుకునే శక్తి బాగా పెరిగింది. ప్రోటీన్‌ను శుద్ధి చేస్తే రాగి దానితోపాటే వచ్చింది. ఆ రాగిని పట్టి ఉంచేవి 65వ స్థానంలోని సిస్టీన్, 69వ స్థానంలోని హిస్టిడిన్. సిస్టీన్‌ను మార్చేస్తే ఇథిలీన్ పట్టు పోతుంది, మొక్కకు ఇథిలీన్ ఉందన్న సంగతే తెలియదు. అదే ఏడాది, మొక్కలో ఈ గ్రాహకాలకు రాగిని అందించే ర్యాన్1 అనే ప్రోటీన్‌నూ గుర్తించారు. మనుషుల్లో విల్సన్, మెంకీస్ జబ్బులకు కారణమయ్యే రాగి రవాణా ప్రోటీన్లకు అది బంధువు.

దీనికి న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. ఇథిలీన్ రాగి మీద కూర్చుంటుందని ఒప్పుకుందాం, ఎసిటిలీన్ కూడా అక్కడే, రాగి మీదే కూర్చుంటుందని చెప్పడానికి మామిడి గ్రాహకంలో దాన్ని కళ్ళారా చూపించే స్ఫటికం ఏదని అడగవచ్చు. నేను చెబుతున్నది పరోక్ష సాక్ష్యాల మీద కట్టిన తీర్మానమే. కానీ ఆ సాక్ష్యాలు ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయి. ఏ వాయువు పని చేస్తుంది, ఏది చేయదు అన్న వరుస, లోహానికి వాటి అంటును అనుసరించి నడుస్తోంది. వెండి సంగతి ఇంకా గట్టిది. వెండి అయాన్లు మొక్కలో ఇథిలీన్ పనిని అడ్డుకుంటాయని 1976లో బేయర్ అనే శాస్త్రవేత్త చూపాడు (నీలిమందు బేయర్ కాదు), కోసిన పూలు వాడకుండా ఉంచడానికి ఆ గుణాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. వెండి వచ్చి చేరిన గ్రాహకం కూడా ఇథిలీన్‌ను పట్టుకుంటుంది, కానీ సంకేతం ముందుకు పోదు. అంటే పట్టుకోవడం ఒక్కటే చాలదు, పట్టుకున్నాక ప్రోటీన్ ఆకారం తగినట్టు కదలాలి. గ్రాహకం ఊరికే ఉన్నప్పుడు ‘పండొద్దు’ అని చెబుతూనే ఉంటుంది, వాయువు రాగి మీద వాలాకే ఆ మాట ఆగుతుంది. మరి రాగి, ఎసిటిలీన్ అంత దగ్గరగా ఉన్నా కాయలో ఎర్ర అవక్షేపం ఎందుకు పడదు? ఎందుకంటే ఆ రాగి, కణంలోని పొర లోపల, కొవ్వు మధ్య, ఒంటరిగా ఉంటుంది. హైడ్రోజన్‌ను లాగే క్షారం చేరువలో లేదు, గొలుసు అల్లుకోవడానికి రెండో మూడో రాగి అందుబాటులో లేదు. వాయువు వాలుతుంది, లేస్తుంది, అతుక్కోదు. మన వాదన ఇంత శుభ్రంగా రుజువయ్యే చోటు పరీక్షనాళికలో దొరకదు.

ఇక్కడే కార్బైడ్ వ్యాపారి తరఫు వాదన ఒకటి వస్తుంది. కాయలోని రాగికి ఇథిలీనైనా ఎసిటిలీనైనా ఒకటే అయితే, ప్రభుత్వం ఇథిలీన్‌ను ఒప్పుకుని కార్బైడ్‌ను కాదనడం ఏమిటని. పైకి తర్కం బాగానే ఉంది. కానీ ఆ 2,800 అనే అంకె దగ్గరే అది కూలిపోతుంది. భారత ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2016లో పండ్లను మాగబెట్టడానికి ఇథిలీన్ వాయువును 100 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 100 పాళ్ళు) దాకా అనుమతించింది, కార్బైడ్‌ను 2011 నిబంధనల్లోనే నిషేధించింది. 10 పీపీఎం ఇథిలీన్ చేసే పనికి సమానంగా ఎసిటిలీన్ నింపాలంటే, బఠానీ లెక్క ప్రకారం, 28,000 పీపీఎం కావాలి, అంటే గాలిలో 2.8 శాతం. ఎసిటిలీన్ గాలితో కలిసి నిప్పందుకునే కనిష్ఠ స్థాయి 2.5 శాతం. బఠానీ కాండం అంకెను మామిడికి అచ్చంగా అన్వయించలేమన్నది నిజమే. కాయ ఒకసారి పండటం మొదలుపెడితే తన ఇథిలీన్ తానే తయారు చేసుకుంటుంది కాబట్టి బయటి వాయువు చేయాల్సింది మొదటి తోపు మాత్రమే అన్నదీ నిజమే. కార్బైడ్ అసలు పని చేయడానికి కారణం ఆ రెండోదే. కానీ తోపు బలహీనంగా, డబ్బాలో ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువగా తగిలితే జరిగేది అందరూ చూసేదే, తొక్క పసుపు, లోపల పులుపు. ఇక మలినాలు. బజారు కార్బైడ్‌లో కాల్షియం ఫాస్ఫైడ్, ఆర్సెనిక్ సంబంధ పదార్థాలు ఉంటాయి, తేమ తగలగానే ఫాస్ఫీన్, ఆర్సీన్ వాయువులు ఎసిటిలీన్‌తోపాటే వస్తాయి. కార్బైడ్ దగ్గర ఘాటుగా వెల్లుల్లి వాసన కొట్టేది ఫాస్ఫీన్ వల్ల, శుద్ధ ఎసిటిలీన్‌కు అంత వాసన లేదు. కాబట్టి అభ్యంతరం ఆల్కైన్ మీద కాదు, రాగి పట్టు వదులుగా ఉండటం వల్ల అవసరానికి మించి వాయువు వాడాల్సి రావడం, ఆ వాయువు వెంట విషాలు రావడం మీద. 2015లో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు కార్బైడ్ పండ్ల సంగతిని తానుగా విచారణకు తీసుకుని ప్రభుత్వాలను నిలదీసింది. ఆ తర్వాత దాడులు పెరిగాయి. దాడులు మాత్రమే చాలవని నా అభిప్రాయం, కారణం చివర చెబుతాను.

మూడో చోటు, అణువులను అతికే పని, ఇటీవల ఎక్కువ పేరు తెచ్చుకుంది. ఆల్కైన్, అజైడ్ కలిస్తే ట్రైయజోల్ అనే ఐదు పరమాణువుల వలయం వస్తుందని మ్యూనిక్‌లో రోల్ఫ్ హ్యూస్‌గెన్ 1960లలో విస్తారంగా చూపాడు. కానీ దానికి వేడి కావాలి, రెండు రకాల ఉత్పన్నాలు కలగలిసి వస్తాయి. 2002లో డెన్మార్క్‌లో మోర్టన్ మెల్డల్, అమెరికాలో షార్ప్‌లెస్, ఫోకిన్ బృందం, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, కాస్త క్యూప్రస్ రాగి వేస్తే చర్య కోటి రెట్ల దాకా వేగం పుంజుకుని ఒకే ఉత్పన్నం ఇస్తుందని కనిపెట్టారు. 2022 నోబెల్ మెల్డల్, షార్ప్‌లెస్‌లకూ, కరోలిన్ బెర్టోజీకీ వచ్చింది. హైదరాబాద్ దీన్ని దూరం నుంచి చూస్తూ కూర్చోలేదు. 1944లో నిజాం కాలంలో మొదలైన పరిశోధనశాలే నేటి ఐఐసీటీ. అక్కడ ఎం. లక్ష్మీకాంతం, బి. ఎం. చౌదరి బృందం 2006లోనే అల్యూమినా మీద నిలిపిన రాగి నానో కణాలతో ట్రైయజోళ్ళు తయారుచేసే పద్ధతి ప్రచురించింది. చర్య ముగిశాక వడగట్టి రాగిని వేరుచేసి మళ్ళీ వాడుకోవచ్చు. మందుల కంపెనీకి అది చిన్న విషయం కాదు. నోటి ద్వారా తీసుకునే మందులో రోజుకు రాగి 3,000 మైక్రోగ్రాములు, పల్లాడియం 100 మైక్రోగ్రాములు మించరాదని అంతర్జాతీయ మార్గదర్శకం. ఆల్కైన్‌ను మరో అణువుకు అతికే 1975 నాటి సోనొగాషిరా చర్యలో రాగి, పల్లాడియం రెండూ కావాలి. హైదరాబాద్ కంపెనీలు కూడా తయారుచేసే ఎర్లోటినిబ్ అనే క్యాన్సర్ మందులో చివరనున్న ఆల్కైన్ కొమ్మను సాధారణంగా ఆ దారిన పెడతారు. రాగి ఒక్కదానితో పని జరిగితే కడగాల్సిన లోహం చవకది, పరిమితి కూడా ఉదారమైనది.

అయితే ఈ చర్య గుట్టు తెలియడానికి పదేళ్ళు పట్టింది, ఆ గుట్టు నా వాదనను కొంత దిద్దింది కూడా. మొదట అందరూ ఒక్క రాగి ఆల్కైన్‌ను పట్టుకుంటే చాలనుకున్నారు. చర్య వేగం రాగి మోతాదుకు వర్గంలో పెరగడం చూసి 2005లో అనుమానం వచ్చింది. 2013లో ఫోకిన్ బృందం రాగి 63 ఐసోటోప్‌ను గుర్తుగా పెట్టి చూస్తే, ఎసిటిలైడ్‌లో అతుక్కున్న రాగి ఒకటైతే, పక్కన ఇంకో రాగి చేరి, రెండూ మధ్యలో చోటు మార్చుకుంటున్నాయని తేలింది. అంటే రాగి చుట్టూ ఉన్నవి అన్నప్పుడు అందులో ఇంకో రాగి కూడా లెక్క. వెల్డింగ్ పైపులో రాగులు గుంపుగా చేరి ప్రమాదం, మామిడిలో ఒంటరిగా ఉండి సంకేతం, ఆల్కైన్–అజైడ్ చర్యలో సరిగ్గా రెండు చేరి వేగం. సంఖ్యే గుణాన్ని మార్చేసింది.

చివరి అభ్యంతరం బెర్టోజీ పని నుంచి వస్తుంది. 2004లో ఆమె రాగి అవసరమే లేని దారి చూపింది. ఆల్కైన్‌ను ఎనిమిది కార్బన్ల వలయంలో వంచి బిగిస్తే, ఆ బిగింపే చర్యను నడిపిస్తుంది. బతికున్న కణాల్లో రాగి విషం కాబట్టి ఇదే సరైనదని, రాగి కథ ముగిసిందని అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. వంచిన ఆల్కైన్ల తయారీ కష్టం, ఖర్చు. పైగా రాగి విషమన్నది వట్టి రాగి మాట. అదే 2004లో షార్ప్‌లెస్ ప్రయోగశాల వాళ్ళు మూడు ట్రైయజోల్ చేతులున్న టీబీటీఏ అనే లిగాండ్‌తో రాగిని చుట్టి, గాలికి పాడవకుండా, చర్యను మరింత వేగంగా నడిపారు. తర్వాత అలాంటి లిగాండ్లతో రాగి మోతాదు తగ్గించి బతికున్న కణాల ఉపరితలం మీదా పని చేశారు. రాగిని వదిలేయడం ఒక జవాబు, రాగికి తగిన చొక్కా తొడగడం ఇంకో జవాబు. కోట్ల ఏళ్ళుగా మొక్క ఎంచుకున్నది రెండోదాన్నే.

దాడులు చాలవని పైన అన్నది ఇందుకే. కార్బైడ్ పొట్లం పట్టుకుంటే వ్యాపారి మరో పొట్లం కొంటాడు, ఎందుకంటే కిలో రాయి ధర తక్కువ, ఇథిలీన్ గది పెట్టుబడి ఎక్కువ. ఆ గది తోటకు దగ్గరగా, మండల కేంద్రంలో, రైతు సంఘం చేతిలో ఉంటే లెక్క తారుమారవుతుంది. కాయ బండి ఎక్కకముందే సమంగా మాగుతుంది, పట్నంలో దళారి చేతికి కార్బైడ్ పెట్టే అవకాశం మిగలదు. మరిపెడ, డోర్నకల్, మహబూబాబాద్ చుట్టుపక్కల తోటలున్న రైతులు శీతల గిడ్డంగుల కోసం అడిగినంత గట్టిగా ఇథిలీన్ మాగుడు గదుల కోసం ఉద్యాన శాఖను అడగాలి. ఇంటర్ పాఠ్యపుస్తకం రాసేవాళ్ళకూ ఒక మనవి. ఎర్ర అవక్షేపం పరీక్ష పక్కన రెండు వాక్యాలు చేర్చండి. ఇదే రాగి మామిడి లోపల ఉందని ఒకటి, ఇథిలీన్‌కు 0.1, ఎసిటిలీన్‌కు 280 అని ఇంకొకటి.